నలభై తాళాలు, ఒక తాళంచెవి

జూన్ 2, మంగళవారం

చెల్లీ,

ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పు. మూసి ఉన్న తలుపుకు అవతల ఉన్న మనిషిని లెక్కపెట్టగల కొలబద్ద మీ ఆఫీసులో ఒక్కటైనా ఉందా? పట్నంలో అన్ని అంతస్తుల భవనం మీది, అన్ని సొరుగులు వెతికి చెప్పు. లేదని నాకు తెలుసు. పోయిన గురువారమే పరీక్షించి చూశాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. ప్రభువు పంపిన అపొస్తలులు ఉత్తరాలే రాశారు. ఫోన్లో మాట చెవిలో పడి జారిపోతుంది, కాగితం మీద మాట సాక్ష్యంగా నిలబడుతుంది. పైగా ఆరేళ్ళుగా మనిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నదంతా కలిపితే అరపేజీ కాదు.

సంగతి విను. పోయిన నెల మధ్యలో మన మున్సిపల్ ఆఫీసు గోడకు ఒక నోటీసు అంటించారు. ఊరికి కొత్త బస్టాండు కట్టాలట. రెండు స్థలాలు చూస్తున్నారట. మొదటిది మూతపడ్డ మిల్లు ఆవరణ, రెండోది మన వీధి. ఇరవై ఎనిమిదో తారీకున సర్వేయరు వచ్చి ఇల్లిల్లూ కొలిచి మనుషుల్ని రాసుకుంటాడు కాబట్టి అందరూ ఇళ్ళ దగ్గరే ఉండాలట. కసాయివాడు వస్తున్నాడు, గొర్రె దొడ్డి వదిలి పోరాదు అన్నట్టుంది.

నేను ఆ నోటీసు చదివి దుకాణానికి వచ్చి గ్రంథం తెరిచాను. పూర్వం ఒక రాజు గర్వం తలకెక్కి జనాన్ని లెక్కపెట్టించాడు. ఏమైంది? దేశం మీదికి తెగులు వచ్చింది. లెక్కపెట్టించుకోవడమే ఉచ్చు అని నాకు ఆ క్షణాన తేటగా కనిపించింది. బానిసల దేశంలో ఇంటింటా తొలిబిడ్డను చంపుతూ తిరిగిన ఆ రాత్రి నాశకుడు ఏ గుమ్మాలు ముట్టకుండా దాటిపోయాడు? జనం లోపల ఉండి మూసుకున్న గుమ్మాలు. ఆదివారం మందిరంలో ఇదే చెప్పాను. గురువారం వీధి వీధంతా ఉపవాసం, ఊరి చివర ఆటస్థలంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రార్థన, ప్రతి తలుపుకూ తాళం అన్నాను.

ఇక్కడొక చిక్కు వచ్చింది. మన వీధిలో నలభై ఒక్క ఇళ్ళు. నీది ఎలాగూ మూసే ఉంది. మిగతా నలభైలో సగానికి పైగా ఇళ్ళకు తాళమన్నదే లేదు. తాళాలు బాగుచేసేవాడు ఉన్న వీధికి తాళాలు లేవు, చూశావా. పక్కింటి దర్జీ అక్క అయితే, "పెద్దన్నా, మా ఇంట్లో దొంగ దూరితే వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోతాడు" అంది. దుకాణంలో మూలపడ్డ పాత తాళాలన్నీ తీసి తుప్పు రాల్చి, స్ప్రింగులు మార్చి, తాళంచెవులు కోసి మూడు రోజుల్లో ఇరవై మూడు తాళాలు పంచాను. నా చేతులతో నేనే బిగించాను.

సర్వేయరు వచ్చాడు. మూల మీది టీ కొట్టు వాడు చూశాడట. ఇంటింటికీ పోయి గొళ్ళెం తట్టి, నిలబడి, తల గోక్కుని, ఎండలో చివరిదాకా నడిచి వెళ్ళిపోయాడట. ఒక్క గుమ్మం దాటలేదు. ఒక్క పేరు రాసుకోలేదు. మన వీధి గొడవ ఇంతటితో తీరిపోయింది, ఇక వాళ్ళకు మిల్లు ఆవరణే గతి. నువ్వు అక్కడ కూర్చుని దిగులు పడకు.

కోటగోడల చుట్టూ తిరిగితే గోడలు కూలాయని చదివాం. మేము తిరగను కూడా లేదు, తాళం వేసి కూర్చున్నాం.

తాళం పనిలోనూ వాక్యం పనిలోనూ,
నీ అన్న


జూన్ 6, శనివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. పక్క బల్ల ఆవిడ తల తిప్పి చూసింది. మన వీధి గొడవ తీరిపోయిందని నువ్వు రాసిన ముక్క దగ్గర రెండుసార్లు ఆగాను. ఈ మధ్య ఆఫీసులో ఆ బస్టాండు మాట వినపడినప్పుడల్లా గుండెలో రాయి పడేది. అడుగుదామంటే, ఆ వీధితో నీకేం సంబంధం అని వాళ్ళు అడుగుతారేమోనని భయం. ఇప్పుడు తేలిగ్గా ఉంది.

నా పని ఎలా ఉంటుందని నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనే చెబుతాను. సర్వేయర్లు బయట తిరిగి పెన్సిలుతో రాసుకొచ్చిన పుస్తకాలు మా బల్ల మీదికి వస్తాయి. వాటిలో పేర్లుండవు. కొలతలూ, కొత్తగా వేసిన వరస నంబర్లూ ఉంటాయి. వాటిని చూసి పల్చటి షీటు మీద సిరాతో గీస్తాను. మనుషులున్న ఇల్లయితే నిండు నలుపు. ఖాళీదైతే ఏటవాలు గీతలు. అంతే. ఒకసారి సిరా పడ్డాక చెరిపితే షీటు చినుగుతుంది, అందుకని చెయ్యి వణక్కూడదు. నాన్న సైకిల్ చక్రాలకు పుల్లలు బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు చూడు, నేనూ అలాగే చేస్తాను.

ఈ వారం నా చేతిలో ఉన్నది మన ఊరి బస్టాండు షీటే. నువ్వు చెప్పాక భయం లేకుండా గీస్తున్నాను. మన వీధి బదులు ఇంకేదో స్థలం పెట్టినట్టున్నారు, "స్థలం రెండు" అని మాత్రమే ఉంది. అదృష్టం ఏమిటంటే అందులో మనిషన్నవాడు లేడు. మొదటి నంబరు నుంచి చివరి దాకా అన్నీ ఖాళీ. ఎవరి కొంపా కూలకుండా ఊరికి బస్టాండు వస్తుంది. వానలో నిలబడి బస్సెక్కే ఊరికి అది అవసరమే కదా.

నా ఇంటి తాళం తుప్పు పట్టిందా? ఎప్పుడైనా అటు వెళ్ళినప్పుడు ఒక చుక్క నూనె వెయ్యి. తెరవమని కాదు.

నీ చెల్లెలు


జూన్ 17, బుధవారం

చెల్లీ,

అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాశాను.

నిన్న పొద్దున దర్జీ అక్క దుకాణం ముందుకు వచ్చి నిలబడింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, చేతిలో సూది అలాగే ఉంది. మున్సిపల్ ఆఫీసులో మ్యాపు పెట్టారట, ఒకసారి వచ్చి చూడమంది. ఎప్పుడూ పది మాటలు మాట్లాడే మనిషి ఒకటే మాట మాట్లాడింది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

వెళ్ళాం. అద్దం వెనక బల్లంత కాగితం. మిల్లు ఆవరణ ఉంది, దాని గోడ వెంట ఆరు నల్ల చుక్కలు ఉన్నాయి. కాపలావాళ్ళ రేకుల షెడ్లు. వాటి పక్కన "మార్పు లేదు" అని రాసి ఉంది. మన వీధి కోసం వెతికాను. పంపు దగ్గర మొదలుపెట్టి వేలితో వెళ్ళాను. వీధి లేదు. వీధి ఉండాల్సిన చోట ఏటవాలు గీతలతో నిండిన ఒక ముక్క ఉంది. దాని మీద "ప్రతిపాదిత బస్టాండు, నివాసాలు లేవు" అని ఉంది.

ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే లేచి తలుపు తీసే ఇల్లు, నేను చూస్తుండగానే, అద్దం వెనక లేకుండా పోయింది. దర్జీ అక్క నా చెయ్యి పట్టుకుని, "పెద్దన్నా, మనం బతికే ఉన్నామా" అంది. అది వేళాకోళం కాదు. నిజంగానే అడిగింది.

ఆ తర్వాత ఇంకొకటి చూశాను. మూలన ఉత్తర దిక్కు చూపించే బాణం గుర్తు. తోక దగ్గర చిన్న మెలిక. చిన్నప్పుడు నా ఉలి పెట్టె మీద అదే బాణం గీసి నాన్న చేత చీవాట్లు తిన్నది ఎవరు?

ఒక రాజుకు పొరుగువాడి తోట కావాల్సి వచ్చింది. ఆ పొరుగువాడి మీద దొంగ సాక్ష్యం పుట్టించి చంపించి తోట తీసుకున్నారు. రాజుది పాపం. ఉపాయం చెప్పిన రాణిది పాపం. రాణి పంపిన ఉత్తరం చూసి ఆ పని చేసిపెట్టినవాళ్ళది పాపం కాదా? పొరుగువాడి గట్టు రాయి జరిపినవాడి మీద శాపం ఉందని నీకు నేను నేర్పిందే. నువ్వు రాయి జరపలేదు. రాయినీ, గట్టునీ, పొరుగువాడినీ ఒకేసారి తుడిచేశావు. పైగా నాకు ఉత్తరం రాశావు, మనిషన్నవాడు లేడు అదృష్టమని. మేము మనుషులం కామా? నాన్న ఊపిరి బిగబట్టింది ఇందుకా?

సంతకం చేయను. బాణం చూసి నేను నిన్ను గుర్తుపట్టలేదా, రాత చూసి నువ్వు గుర్తుపట్టు.


జూన్ 20, శనివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. చదివాక ఫైళ్ళ గదిలోకి వెళ్ళి ఆ సర్వే పుస్తకం మళ్ళీ తీశాను. కూర్చోవడానికి స్టూలు కూడా కనపడలేదు, నేల మీదే కూర్చున్నాను.

అది మన వీధే. నలభై ఒక్క నంబర్లు. ప్రతి నంబరు ఎదురుగా ఒకటే రాత: "మే 28, తాళం. మే 31, తాళం." కింద సర్వేయరు ముగింపు: "రెండు పర్యాయములు దర్శించగా నివాసితులు లేరు."

మా రూలు ఇది. రెండుసార్లు వెళ్ళినా తలుపు తెరవని ఇల్లు ఖాళీ ఇల్లు. రెండోసారి కావాలనే సెలవు రోజున వెళ్తారు, పనికి పోయినవాళ్ళు ఇంట్లో ఉంటారని. ముప్ఫై ఒకటి ఆదివారం. ఆ పొద్దున మీరంతా మందిరంలో ఉన్నారు. అది అర్థమైంది. కానీ మన వీధిలో జనం మందిరానికి వెళ్తూ తాళం వేసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఎందుకు వేశారు? నువ్వు పంచిన తాళాలు అలవాటైపోయాయా?

ఏ స్థలంలో తక్కువ ఇళ్ళు పోతాయో ఆ స్థలం ఎంచుకోవాలన్నది ఇంకో రూలు. అది మంచి రూలే అన్నయ్యా. మిల్లు ఆవరణలో ఆరు కుటుంబాలు తలుపులు తీసి నిలబడి పేర్లు చెప్పాయి. మన వీధిలో సున్నా. ఆరు కంటే సున్నా తక్కువ. ఇందులో రాజూ లేడు, రాణీ లేదు, ఎవరూ దొంగ సాక్ష్యం చెప్పలేదు. నువ్వే అందరి చేతా మౌన సాక్ష్యం చెప్పించావు.

వీధి ఆకారం చూసి గుర్తుపట్టలేదా అని అడుగుతావు. నేను నడిచిన వీధిని నేనెప్పుడూ ఆకాశం మీంచి చూడలేదు. అయినా నిజం చెబుతాను. చివరి మూల వంకర దగ్గర ఒక్క క్షణం నా కలం ఆగింది. ఇదెక్కడో చూశాననిపించింది. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, మన వీధి గొడవ తీరిపోయిందని నువ్వు సాక్ష్యంగా కాగితం మీద రాసిన మాట. కలం మళ్ళీ కదిలింది. నీ మాట నమ్మి నీ ఇంటి మీద గీతలు గీశాను. ఇది నిన్ను నొప్పించడానికి రాయడం లేదు. రాయకపోతే నేను నిద్రపోలేను.

ఇప్పుడు కోపాలకు టైము లేదు. అభ్యంతరాలు చెప్పడానికి ఈ నెల ముప్ఫై దాకా గడువు ఉంది. జాగ్రత్తగా చదువు: ఇంటికొకరు, స్వయంగా, ఒక్కొక్కరు ఒక్కో కాగితం, తాము ఆ ఇంట్లో ఉంటున్నామని రెండు ముక్కలు. ఎక్కువ రాయొద్దు. ముఖ్యంగా నువ్వు ఎక్కువ రాయొద్దు.

నీ చెల్లెలు


జూన్ 22, సోమవారం

చెల్లీ,

రూళ్ళ చాటున దాక్కోవడం నీకు ఆఫీసు నేర్పింది. సున్నా తక్కువట, ఆరు ఎక్కువట. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి తొంభై తొమ్మిదినీ వదిలి దాని కోసం పోయాడు. మీ సర్వేయరు నలభైని వదిలి ఎటు పోయాడు?

ఆ ఆదివారం తాళాల మాట నిజమే. కొత్త తాళం చేతికొచ్చాక ఊరుకోబుద్ధి కాదు కదా, ఒకళ్ళను చూసి ఒకళ్ళు వేసుకున్నారు. దర్జీ అక్క తాళంచెవిని మెడలో గొలుసులా వేసుకుని వచ్చింది. నేను చూసి మురిసిపోయాను కూడా. కానీ దాంతో ఇంత పని జరిగిందంటే నేను నమ్మను. ఇది పైవాళ్ళు ముందే అనుకున్న సంగతి. నిన్ను కూడా మోసం చేశారు, అంతవరకు నీ మీద కోపం తగ్గించుకున్నాను.

నీ ఉత్తరం చేరేలోపే నేను చేయాల్సింది చేసేశాను. శుక్రవారం అర్జీ పంపాను. పదకొండు పేజీలు. రెండు వందల ఆరు సంతకాలు, వేలిముద్రలతో కలిపి. ఒక్కొక్కరు ఒక్కో కాగితం అంటున్నావు. పుల్లల్ని విడివిడిగా విరవొచ్చు, మోపు కడితే ఎవడు విరుస్తాడు? అందులో నేను ఒక్క మాట దాచలేదు. మీ లెక్కను మేము ఒప్పుకోలేదు కాబట్టి కావాలనే తలుపులు మూశామని రాశాను. నలభై ఏళ్ళు ఎడారిలో గుడారాల్లో బతికినవాళ్ళ వారసులమని రాశాను. ఈ భూమ్మీద మేము యాత్రికులం, మాకు స్థిరమైన ఊరు పైన ఉంది, ఇక్కడ కాదు, అలాంటి మమ్మల్ని మీరు ఏ ఊరి నుంచి వెళ్ళగొడతారని అడిగాను. మందిరంలో చదివి వినిపిస్తే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అది చదివాక మీ పెద్ద ఆఫీసరు చెయ్యి కూడా వణుకుతుంది చూడు.

నీ అన్న


జూన్ 26, శుక్రవారం

అన్నయ్యా,

ఆయన చెయ్యి వణకలేదు. కాగితం ఆయన దాకా పోకముందే గుమస్తా చెయ్యి ఎర్ర సిరా పెన్ను తీసుకుంది.

అర్జీ నిన్న ఫైలులో కుట్టి నా బల్ల మీదికి వచ్చింది. పదకొండు పేజీలకు కలిపి ఒక్క నంబరు వేశారు: అభ్యంతరం ఒకటి, పంపినది ప్రార్థన సంఘం. రెండు వందల ఆరు మంది ఒక్కటయ్యారు. నువ్వు కోరుకున్న ఐక్యత ఇదే.

ఏడో పేజీలో యాత్రికులమని నువ్వు రాసిన వాక్యం కింద ఎర్ర గీత ఉంది. పక్కన మార్జిన్లో ఇలా ఉంది: "తమకు ఈ ఊరిలో స్థిర నివాసము లేదని అర్జీదారులే అంగీకరించియున్నారు." తొమ్మిదో పేజీలో గుడారాల దగ్గర ఇంకో గీత: "తాత్కాలిక కట్టడములు."

ఇది చదివి నాకు ఏడుపు రాలేదు. ఇంత ప్రేమగా రాసిన కాగితం ఇంత ఘోరంగా చదవబడటం నేను ఎక్కడా చూడలేదు. చదివినవాడు చెడ్డవాడు కాదు అన్నయ్యా. రోజుకు ముప్ఫై కాగితాలు చదివే గుమస్తా. ఉన్నది ఉన్నట్టు చదువుకున్నాడు.

నేను లేచి పెద్ద ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. ఆ వీధిలో మనుషులున్నారని, నాకు తెలుసునని చెప్పాను. ఎలా తెలుసు అని అడిగారు. బంధువులున్నారని చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, గడువు చివరి రోజున సర్వేయరు మళ్ళీ వెళ్తాడన్నారు. ముప్ఫై, మంగళవారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు. తలుపు తెరిచి, ఆ ఇంటి మనిషి గుమ్మంలో ఉంటే ఆ ఇల్లు నల్లది. లేకపోతే గీతలు. ఆ తర్వాత ఇక మార్పు లేదు. మిల్లు ఆవరణ ఎనిమిదెకరాలు, కాపలావాళ్ళ షెడ్లు గోడ వారన ఉన్నాయి. గీత ఇరవై అడుగులు జరిపితే ఆ ఆరు ఇళ్ళూ నిలబడతాయి, బస్టాండూ పడుతుంది. నేనే గీసి చూశాను.

ఇప్పుడు నేను దాచిన మాట. ఆ నలభై ఒక్క ఇళ్ళలో నిజంగా ఖాళీగా ఉన్నది ఒక్కటే. అది నాది. సర్వేయరు నలభై తప్పులు రాశాడు, ఒక్క నిజం రాశాడు. ఆ ఒక్కటీ పంపు పక్కన వీధి మొదట్లో ఉంది. నలభై ఇళ్ళూ నల్లగా నిండి బస్టాండు మిల్లుకు పోయినా, మొదటిది గీతలతో ఉంటే అక్కడికి వెళ్ళే బస్సుల దారి దాని మీదుగా వీధిలోకి వస్తుంది. దారి వస్తే దాని వెడల్పుకు వీధిలో ఎడమ వరస పోతుంది. పంతులమ్మ ఇల్లు, దర్జీ అక్క ఇల్లు, నీ దుకాణం.

నేను రాలేను. సొంత ఆస్తి ఉన్న స్థలం షీటు గీసే ముందు ఆఫీసులో రాసి ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. ఆ వీధి జాబితాలో లేదనుకున్నాను కదా. ఇప్పుడు ఆ గుమ్మంలో నిలబడి నా ఇల్లు అంటే నా ఉద్యోగం ఉండదు. ఒంటరిదాన్ని, నా చేతికి ఇంకో పని రాదు. నువ్వే తాళం తీయి. నీకు చెవి అక్కర్లేదని తెలుసు. దర్జీ అక్క పెద్ద కూతురిని ఆ రోజుకు లోపల కూర్చోబెట్టి ఇక్కడే ఉంటున్నానని చెప్పించు. ఒక్క మాటతో పోతుంది.

నీ చెల్లెలు


జూన్ 30, మంగళవారం, పొద్దున ఆరు

చెల్లీ,

ఈ ఉత్తరం మొదటి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. తొమ్మిదింటికి నీ ఆఫీసు గుమ్మం దగ్గర నీ చేతిలో పెడతానని మాటిచ్చాడు. నిలబడే చదువు. కూర్చోవడానికి ఇవాళ టైము లేదు.

నీ ఉత్తరం అందాక పంతులమ్మ దగ్గరికి వెళ్ళాను. తొంభై దాటింది, మంచం దిగలేదు, చెవులు మాత్రం పాము చెవులు. సర్వేయరు సంగతి అడిగాను. ఆమె చాలా మామూలుగా చెప్పింది. "తట్టాడు నాయనా. రెండుసార్లు తట్టాడు, రెండు రోజులు తట్టాడు. ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగాడు. నువ్వు పలకొద్దన్నావు కదా, అందుకని పలకలేదు. ఖాళీ అని పైకే అనుకుంటూ రాసుకున్నాడు. పెన్సిలు గీత కూడా వినపడింది."

చెల్లీ, ఆ తలుపుకు తాళం వేసింది నేను. మనవరాలు ప్రార్థనకు వస్తానంటే ఆమెను పంపి, మంచం మీది మనిషిని లోపల ఉంచి, బయట నా చేతులతో గొళ్ళెం పెట్టాను. ఒకవేళ పొయ్యి దగ్గర నిప్పు రాజుకుని ఉంటే? నాశకుడు దాటిపోయిన రాత్రి అంటూ ప్రసంగించాను. ఆ రాత్రి దాటిపోవడం బతుకు. ఈసారి దాటిపోవడమే చావు. తలుపు తట్టినవాడు తెరవమని తట్టాడు. తట్టేవాడికి తెరవాలన్నదే కదా నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నది. తెరవొద్దని చెప్పిన ఏకైక బోధకుడిని నేనే అయ్యాను.

మొన్న ఆదివారం గ్రంథం మూసి బల్ల మీద పెట్టి, ఇదంతా అందరికీ చెప్పాను. అర్జీ మీద ఎర్ర గీతల సంగతి కూడా. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి దర్జీ అక్క లేచి, "పెద్దన్నా, నీ పనిలో వంక పెట్టడానికి లేదు. ముప్ఫై ఏళ్ళలో నువ్వు బాగుచేసిన తాళాలన్నిట్లో ఇవే గట్టివి" అంది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేను ఏడ్చాను.

నిన్న సంచీ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి తాళాలు ఊడదీశాను. నలభై. కొక్కేలతో సహా పీకేశాను. సంచీ మోయలేక రెండుసార్లు కింద పెట్టాను. పాత తాళాలున్నవాళ్ళు కూడా ఇచ్చేశారు. మిల్లు కాపలావాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళి, మీ తలుపులు మాత్రం ఎవరు చెప్పినా మూయకండి, నేను చెప్పినా సరే అన్నాను. ఇంటికొకరు ఒక్కో కాగితం నిన్ననే రాసి ఇచ్చారు. రెండేసి ముక్కలు. నాది కూడా రెండే: ఇక్కడ ఉంటున్నాను, తాళాలు బాగుచేస్తాను.

ఇక నీ ఇల్లు.

నిన్న సాయంత్రం దాని ముందు నిలబడ్డాను. ఆరేళ్ళుగా నూనె చుక్క కూడా వేయలేదు, నువ్వు అడిగినా వేయలేదు. ఆ తాళం తీయడం నాకు రెండు నిమిషాల పని. నేను తీయను. దర్జీ అక్క కూతురిని కూర్చోబెట్టి అబద్ధం చెప్పించను. వీధి మొత్తం పోయినా చెప్పించను. లేనివాళ్ళు లేరని రాయడం వల్ల మనం చావలేదు, ఉన్నవాళ్ళు లేరని రాయడం వల్ల చచ్చాం. ఇప్పుడు లేనివాళ్ళను ఉన్నారని రాయిస్తే, మళ్ళీ అదే తప్పును తిరగేసి చేయడమే. ఖాళీ ఇంటిని నిండుగా ఉందని చెప్పడం అబద్ధం. ఖాళీ ఇంటిని నింపడం అబద్ధం కాదు.

నువ్వు ఎందుకు తాళం వేసుకుని పోయావో నాకు తెలుసు. బావ పోయిన మూడో నెలలో నువ్వు పట్నంలో ఉద్యోగానికి వెళ్తానంటే, నేను మందిరంలో నిలబడి, పేరు చెప్పకుండా, నిన్నే చూస్తూ, పట్నం మీది ఆశతో వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైన ఆడదాని కథ చెప్పాను. అందరూ నీ వైపు తిరిగారు. ఆ మర్నాడే నువ్వు ఆ తాళం వేశావు. ఈ వీధిలో నేను వేయించిన మొదటి తాళం అది. నలభై కాదు, నలభై ఒకటి వేయించాను. నలభై నేనే ఊడదీశాను. ఈ ఒక్కటి నా చేతిలో లేదు. తప్పు నాది, చెవి నీ దగ్గర ఉంది.

ఉద్యోగం పోతుందని రాశావు. పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను. కానీ ఆ షీటు మీద ఉన్న ఒకే ఒక్క నిజమైన ఖాళీ నీది. దాన్ని అబద్ధం లేకుండా నింపగలిగేది నువ్వొక్కదానివే. ఆ పెద్ద ఆఫీసరు గదిలోకి వెళ్ళు. అది నా ఇల్లు, ముందే చెప్పాల్సింది చెప్పలేదు, ఇప్పుడు వెళ్తున్నాను అని రెండు ముక్కలు రాసి బల్ల మీద పెట్టు. ఎక్కువ రాయొద్దు. ఆ తర్వాత ఏం జరిగినా ఈ వీధిలో నీకొక గది ఉంది, బల్ల ఉంది, దుకాణం ముందు గోడ ఉంది. ఊళ్ళో బోర్డుల మీద బాణాలు గీసేవాళ్ళు కూడా కావాలి.

బయట సందడి మొదలైంది. పంతులమ్మను మంచంతో సహా గుమ్మంలోకి తెచ్చారు. "ఈసారి తట్టకముందే పలుకుతాను" అంటోంది. దర్జీ అక్క మిషను వీధిలోకి లాగి కుట్టడం మొదలుపెట్టింది. నలభై తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మొదటి తలుపు ఒక్కటే మూసి ఉంది.

పట్నంలో పదిన్నరకు బస్సు ఉంది. అది తప్పితే పన్నెండుంబావుకు ఉంది. అదీ తప్పితే రెండింటిది, మూడు గంటల ప్రయాణం, ఐదింటికి పంపు దగ్గర దిగుతావు. అప్పటికి సర్వేయరు పుస్తకం మూస్తూ ఉంటాడు. రెండింటి దాకా ఆగొద్దు. రేపు ఆలోచిద్దామనుకోవద్దు, రేపటికి ఆ షీటు మీద సిరా ఆరిపోతుంది. నువ్వే చెప్పావు, ఆరాక చెరిపితే చినుగుతుందని.

ఈ కాగితం మడత పెట్టు. తాళంచెవి ఎక్కడ దాచావో అక్కణ్ణుంచి తీసుకో. ఇప్పుడే, చదువుతున్న చోటు నుంచే, బయలుదేరు.

గుమ్మం దగ్గర నూనె చుక్కతో,
నీ అన్న